ఢిల్లేశ్వరికి కేటాయించిన అనుమానం

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన రోజున ఢిల్లేశ్వరికి కాలేజీ ఆఫీసు వాళ్లు గుర్తింపు కార్డుతో పాటు ఒక అనుమానాన్ని కూడా అందజేశారు. అప్పటికది పిల్లికూనంత ఉంది. గుమాస్తా కూర్మారావు దాన్ని బల్ల సొరుగులోంచి తీసి, దుమ్ము దులిపి, కాటా మీద పెట్టి, బరువు రాసుకుని, ఆమె చేత సంతకం పెట్టించుకుని చేతికిచ్చాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే ప్రతి విద్యార్థికీ ఒక్కొక్కటి చొప్పున ప్రభుత్వం వీటిని సరఫరా చేస్తుంది. సొంత డబ్బుతో ఫీజు కట్టేవాళ్లకు ఇవ్వరు. వాళ్లను అనుమానించడానికి ఏమీ లేదని కాదు, వాళ్ల కోసం బడ్జెట్ లేదు.

"జాగర్తగా పట్టుకో తల్లీ," అన్నాడు కూర్మారావు. "పారేసుకున్నావంటే ఇంకోటి ఇత్తారు. అది దీనికంటే పెద్దదుంటాది."

ఢిల్లేశ్వరి దాన్ని చున్నీలో చుట్టుకుని పలాస బస్సెక్కింది. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టలేదు. ఆ రూట్లో కాలేజీ పిల్లల అనుమానాలు చాలానే తిరుగుతుంటాయి, పాసులోనే కలిపేస్తారు.

అనుమానం రూపం ఎలా ఉంటుందో చెప్పడం కొంచెం కష్టం. ముందు నుంచి చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకున్న చిన్నపిల్లాడిలా ఉంటుంది. పక్కనుంచి చూస్తే మాసిన బట్టల మూట. కళ్లున్నాయి, రెప్పలు లేవు. ఎవరినీ కరవదు, గోల చెయ్యదు. దానికి వచ్చింది ఒకటే మాట, "అలాగా?" అని. ఆ మాటను కూడా కసిరినట్టు అనదు. ఎంతో మర్యాదగా, పుస్తకంలో అచ్చేసినంత స్పష్టంగా అంటుంది. ఢిల్లేశ్వరి వాళ్ల వీధిలో ఆ మాటను అలా అనేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ ఆశ్చర్యం వేస్తే "ఓలమ్మో" అంటారు, నమ్మకం కుదరకపోతే "నిజమేటి" అంటారు, అన్నాక నవ్వుతారు.

నిబంధనలు సొరుగు పైన గోడకు అతికించి ఉన్నాయి. హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గకూడదు. సెమిస్టరులో ఏ సబ్జెక్టూ తప్పకూడదు. కుటుంబ ఆదాయం తెల్ల రేషన్ కార్డు పరిధి దాటకూడదు. ఈ మూడూ పాతవే, అందరికీ తెలిసినవే. నాలుగోది కొత్తగా చేరింది. అనుమానం బరువు విద్యార్థి బరువులో పావు వంతు మించితే సాయం ఆగిపోతుంది. ఎందుకలా అని ఎవరూ అడగకపోయినా ఉత్తర్వులో కారణం ఇచ్చారు. విద్యార్థి కనీసం మూడు వంతులు విద్యార్థిగా ఉండాలట, మిగిలిన పావు వంతు అనుమానించదగిన వ్యక్తిగా ఉండటానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదట. చాలా ఉదారమైన ఉత్తర్వని అప్పట్లో పేపర్లు రాశాయి.

ఢిల్లేశ్వరి తల్లి దాలమ్మ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేస్తుంది. జీడి జిగురుకు ఆమె వేళ్ల కొసలు నల్లబడి, గీతలు చెరిగిపోయి, ఎక్కడా వేలిముద్ర పడేది కాదు. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూర్చునే చోటికి పక్కన ఒక పీట ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మేస్త్రీ దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "నీ కూతురికేనే, సదువు ఆగిపోతే వత్తాది గదా," అనేవాడు మంచిగానే. దాలమ్మ ప్రతిరోజూ ఆ పీట వైపు చూడకుండా పని చేసుకునేది. కూతురు ఆ పీట మీద కూర్చోకూడదు. దాలమ్మ జీవితంలో కోరుకున్నది అదొక్కటే.

అనుమానం ఇంటికి వచ్చిన సాయంత్రం దాలమ్మ చున్నీ ముడి విప్పి చూసింది.

"ఓలమ్మ, ఇదేటే?"

"అనుమానమమ్మా. కాలేజీలో ఇచ్చినారు."

"మనిషా, జంతువా?"

"తెలీదు. మూడేళ్లు మనతోనే ఉంటాదట."

దాలమ్మ ఒక క్షణం ఆలోచించింది. ఆ ఇంట్లో గడప దాటి వచ్చిన ఎవరినైనా ముందు అడిగే మాట ఒకటుంది. పేరు తర్వాత, పని తర్వాత.

"తిన్నాదా?" అంది.

దానికి తిండి పెట్టకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. నిబంధనలు రాసినవాళ్లకు ఆ ఆలోచనే వచ్చి ఉండదు. తన మీద నిఘా వేయడానికి వచ్చిన దానికి ఎవరైనా కంచం పెడతారని హైదరాబాదులోనో, విజయవాడలోనో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు ఎలా తడుతుంది? దాలమ్మ మాత్రం మూడో కంచం కడిగి, వేడన్నం పెట్టి, ఎండు నెత్తళ్ల కూర వేసి, ముళ్లుంటాయి చూసుకోమని కూడా చెప్పింది. అనుమానం అంతా తిని, ఖాళీ కంచం వైపు చూసి "అలాగా?" అంది. ఇంకొంచెం అడుగుతోందనుకుని దాలమ్మ మళ్లీ పెట్టింది.

మొదటి సెమిస్టరు చివర తూకం వేసినప్పుడు అది పరిమితిలోనే ఉంది. అయితే ఫలితాలు వచ్చిన మర్నాడు పరిస్థితి మారింది. స్టాటిస్టిక్స్‌లో ఢిల్లేశ్వరికి కాలేజీ మొత్తం మీద ఎక్కువ మార్కులొచ్చాయి. పొద్దున లేచేసరికి అనుమానాన్ని ఒంటిచేత్తో ఎత్తడం కుదరలేదు. స్టాటిస్టిక్స్ లెక్చరర్ "బాగా రాశావమ్మా" అని మెచ్చుకోబోయి, ఆమె పక్కన ఉన్నదాన్ని చూసి, "బాగానే రాశావు" అని సవరించుకున్నారు. తర్వాతి పరీక్షలో మూడు గంటలూ ఆమె పక్కనే నిలబడ్డారు. ఆయనకు ఆమె మీద కోపమేమీ లేదు. పాఠం చెప్పింది ఆయనే, అది ఆమెకు అర్థమైందంటే ఆయనకే నమ్మబుద్ధి కాలేదు, అంతే.

కూర్మారావు ఆమెను పక్కకు పిలిచాడు. మనిషి మంచివాడే. ఆ ఆఫీసులో చాలాకాలంగా పనిచేస్తున్నందువల్ల మంచితనాన్ని గొంతు తగ్గించి వాడేవాడు.

"తక్కువొత్తే సదువు రాదంటారు, ఎక్కువొత్తే ఎలాగొచ్చినాదంటారు. మద్దెలో ఉండిపో తల్లీ. అక్కడెవరూ సూడరు."

ఢిల్లేశ్వరి మధ్యలో ఉండిపోయింది. పరీక్ష హాల్లో వచ్చిన లెక్కను వదిలేసి లేవడం మొదటిసారి చాలా కష్టమైంది, రెండోసారికి చేతనైంది. కానీ ఇంటికి చేరేదాకా ఆ లెక్క అరచేతిలో దురదలా ఉండేది. పెన్ను తీసుకుని బస్సులోనే చేతి మీద చేసేసుకునేది. అనుమానం చూడకుండా చున్నీ కప్పుకుని మరీ చేసుకునేది.

అంతటితో పోలేదు. అది ఏం చూసి పెరుగుతుందో ముందుగా తెలుసుకునే వీలు లేదు, అనుభవం మీద నేర్చుకోవాల్సిందే. సంతలో కొన్న కొత్త చెప్పులు వేసుకుంటే పాదాల వైపు చూసి "అలాగా?" అంది. ఆ చెప్పులు పక్కింటి పిల్లకు వెళ్లిపోయాయి. వర్షంలో ఒకరోజు ఆటో ఎక్కితే పెరిగింది. జ్వరమొచ్చి పడుకుంటే పెరిగింది. జ్వరం తొందరగా తగ్గితే ఇంకా పెరిగింది. కాలేజీ వరండాలో స్నేహితురాళ్లతో పకపకా నవ్వినందుకు కూడా కొంత పెరిగింది. ఫీజుకు డబ్బుల్లేనివాళ్లు అంత నవ్వుతారా అని దాని ఉద్దేశం కాబోలు.

దాలమ్మకు చదువు లేకపోయినా లెక్క తెలుసు. "నువ్వు బరువెక్కితే అది తేలికవుతాది గదే," అంది ఒకరోజు. నియమం ప్రకారం అది సరైన లెక్కే. ఆ రోజు నుంచి కూతురికి రోజూ గుడ్డు పెట్టింది. తను ఒకపూట మానేసి మరీ పెట్టింది. ఢిల్లేశ్వరి కొంచెం ఒళ్లు చేసింది. గుడ్డు ఎక్కడినుంచి వస్తోందా అని చూస్తూ చూస్తూ అనుమానం అంతకు రెట్టింపు ఒళ్లు చేసింది. పైగా దాలమ్మ దానికీ ఒక గుడ్డు పెడుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్నదాన్ని ఆకలితో ఉంచి తినడం ఆమెకు ఆ జన్మలో చేతకాదు.

రెండో సంవత్సరంలో తవిటినాయుడు సంగతి జరిగింది. మందస వైపు నుంచి వచ్చే కుర్రాడు, ఢిల్లేశ్వరి క్లాసే. అతని అనుమానం తలుపులోంచి పట్టనంత పెరిగింది. సాయం ఆగిపోయింది. అతను సెంట్రింగ్ పనికి చెన్నై వెళ్లిపోయాడు. అనుమానం మాత్రం క్లాసులోనే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే అతని సంతకం కావాలి, అతనేమో ఊళ్లో లేడు. అది ఒక్కరోజు కూడా మానకుండా క్లాసుకు వచ్చింది. ఎవరు ఏం చెప్పినా శ్రద్ధగా విని "అలాగా?" అనేది. ఏడాది చివర హాజరు నూటికి నూరు శాతం ఉండటంతో దాన్ని మూడో సంవత్సరానికి పంపించారు. దాని ఫీజు ప్రభుత్వం నుంచి వస్తోందా లేదా అన్నది ఆడిట్ వాళ్లు చూసుకోవాల్సిన విషయం. లెక్చరర్లకు మాత్రం తవిటినాయుడి కంటే అదే నచ్చింది. తవిటినాయుడు ప్రశ్నలడిగేవాడు.

మూడో సంవత్సరం వచ్చేసరికి ఢిల్లేశ్వరి అనుమానం బెంచీలో ముప్పాతిక ఆక్రమించింది. ఆమె గోడ వైపు ఒదిగి కూర్చునేది. హాజరు పిలిచినప్పుడు ఆమె "ప్రెజెంట్ సార్" అనగానే పక్కనుంచి అది "అలాగా?" అనేది. లెక్చరర్ తలెత్తి చూసేవారు. వెడల్పుగా కనిపించేది అనుమానమే. కొన్నిరోజులు ఆలోచించి హాజరు వేసేవారు, కొన్నిరోజులు ఆలోచించి వేసేవారు కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు మాటలు వినిపించినప్పుడు మనిషికి సందేహం రావడం సహజం.

దసరా సెలవులు కాగానే అర్హతా సంఘం నుంచి పిలుపు వచ్చింది. పావు వంతు దాటిపోయిందని, తల్లితో సహా హాజరు కావాలని. దాలమ్మ ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, ఉన్నవాటిలో పాత చీర వెతికి కట్టుకుని వచ్చింది. మంచి చీర కట్టుకోవద్దని కూతురు ముందే చెప్పింది. ప్రిన్సిపాల్ గారు, ఇద్దరు సభ్యులు, మధ్యలో పెద్ద కాటా. అనుమానం తనంతట తానే వెళ్లి కాటా ఎక్కి కూర్చుంది, అలవాటైన కుర్చీలో కూర్చున్నట్టు.

"ఇది మీ ఇంట్లో ఏం తింటుందమ్మా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

"మేం తిన్నదే తింటాది బాబూ," అంది దాలమ్మ. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "దానికి లోటు సెయ్యనేదు."

"అంటే మీ ఇంట్లో మూడో మనిషికి కూడా తిండి మిగులుతోందన్నమాట."

ఒక సభ్యుడు ఆదాయం అన్న మాట రాసుకున్నాడు. కాటా ముల్లు కొంచెం పైకి జరిగింది.

"మిగిలి కాదు బాబూ. నాను ఒకపూట మానీసి ఎట్టినాను."

"ఒకపూట మానేసి కూడా పని చేయగలుగుతున్నారంటే మీ ఇంట్లో తిండి అవసరానికి మించే ఉందనుకోవాలి." ముల్లు మళ్లీ జరిగింది. ఢిల్లేశ్వరి తల్లి చెయ్యి నొక్కింది, ఇంకేం చెప్పొద్దని. సంజాయిషీ ఇచ్చినకొద్దీ అది బరువెక్కుతుందని ఆమెకు అప్పటికే తెలుసు.

"మీ అమ్మాయి రోజూ కాలేజీకి వస్తోందా?" అని రెండో సభ్యురాలు అడిగింది.

"రాకేటమ్మా! నా గుంట మీద నాకు నమ్మకముంది."

"అలాగా?" అంది అనుమానం. ముల్లు ఈసారి చాలా పైకి పోయింది. ఆధారం లేని నమ్మకం లెక్కల్లోకి రాదని, వస్తే బరువుగానే వస్తుందని ప్రిన్సిపాల్ గారు ఓపిగ్గా వివరించారు. చెడ్డమనిషి కాదాయన. తల్లీకూతుళ్లకు టీ తెప్పించారు. నెల్లాళ్లు గడువిచ్చారు. ఈలోగా తగ్గకపోతే చివరి సంవత్సరం ఫీజు ఆగిపోతుంది, పరీక్షకు కూర్చోనివ్వరు, సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతాయి. దాలమ్మకు ఇవేవీ సరిగా వినిపించలేదు. ఆమెకు కళ్లముందు ఖాళీ పీట ఒకటే కనిపించింది. టీ ముట్టుకోలేదు.

బయటికి వచ్చాక కూర్మారావు వరండా చివరిదాకా వాళ్లతో నడిచాడు.

"తగ్గడమన్నది లేదు తల్లీ. ఒకసారి పుట్టినాక తగ్గినట్టు నా సర్వీసులో సూడనేదు. పంచుకోవచ్చు మరి. ఆ క్లాజు ఒకటుంది."

"పంచుకోడవేటి?" అంది ఢిల్లేశ్వరి.

"ఇంట్లోవోళ్లు కొంత మొయ్యొచ్చు. మీయమ్మ నిన్ను ఎంత అనుమానిత్తే దీని బరువు అంత దిగుతాది. నువ్వు మీయమ్మని అనుమానించినా అంతే. కాపోతే నిజంగా అనుమానించాల. ఉత్తుత్తిగా అంటే కాటా ఒప్పుకోదు."

ఇది విని దాలమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇంత సులువా అనుకుంది. వీధి చివర కిరాణా కొట్టు నుంచి పాత కాటా అరువు తెచ్చి ఇంటి మధ్యలో పెట్టింది. అనుమానం ఎక్కి కూర్చుంది. ఆ రోజు నుంచి దానికి అన్నం పెట్టడం కూడా మానేసింది, మనసొప్పకపోయినా సరే. తలుపేసుకుని కూతురిని ఎదురుగా నిలబెట్టి, కళ్లు పెద్దవి చేసి, "ఒలే, నువ్వు కాలేజీకే ఎల్తన్నావా? నిజం సెప్పు!" అని గద్దించింది. ఢిల్లేశ్వరికి నవ్వొచ్చింది. తల్లికీ నవ్వొచ్చింది. ముల్లు కదల్లేదు.

చాలారోజులు అలాగే ప్రయత్నించారు. సినిమాకు వెళ్లావా అని అడిగింది. ఎవడితోనైనా మాట్లాడుతున్నావా అని అడిగింది. ఎంత అడిగినా ఆమెకు కూతురి మొహంలో కూతురే కనిపించింది. "నా వల్ల కావట్లేదే," అని మంచం మీద కూలబడింది ఒకరోజు. "నిన్ను అనుమానించడం నేర్చుకోనేదు. ఏటి సెయ్యను?" ఒక తల్లి ఇలాంటి విషయానికి ఏడవడం ఎవరూ చూసి ఉండరు. చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. గడువు దగ్గరికొచ్చేసింది.

ఆ ఆదివారం కాలేజీ నుంచి దాలమ్మ ఫోనుకు హాజరు పట్టిక వచ్చింది. చదవడం రాకపోయినా రంగులు తెలుసు. వచ్చిన రోజులు పచ్చగా, రాని రోజులు ఎర్రగా ఉంటాయి. ఆకుపచ్చ మధ్యలో అక్కడక్కడా ఎర్ర గళ్లున్నాయి.

"ఈ రోజులేటే?"

"ఆ రోజులు కూడా ఎల్లినానమ్మా. సార్ హాజరు వెయ్యలేదు."

మామూలుగా అయితే పోనీలే అనేది. ఈసారి ఫోను పట్టుకునే ఉంది.

"ఎందుకెయ్యలేదు?"

"ఇది పక్కనుండి అలాగా అంటాది గదా. ఆయన దానికేసి సూత్తారు."

"అంత సదువుకున్నాయన దీని మాట ఇంటాడేటి, నీ మాట ఇనకుండా?"

అడిగాక దాలమ్మ ఫోను వైపు చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది. అంతే. ఒక చూపు, ఎంతసేపో కూడా కాదు. ఇంటి మధ్యలో కాటా కిర్రుమంది. ముల్లు కిందికి దిగింది.

ఇద్దరూ చూశారు. వారాల తరబడి ఇద్దరూ ఎదురుచూసింది దానికోసమే అయినా ఎవరి మొహంలోనూ సంతోషం లేదు.

"నాను అనుమానించనేదే," అంది దాలమ్మ గాభరాగా. "ఊరికే అడిగినాను. అమ్మతోడు."

"ముల్లు దిగిందమ్మా," అంది ఢిల్లేశ్వరి.

ఆ తర్వాత వాళ్లకు పెద్దగా ప్రయత్నం అవసరం కాలేదు. రెండ్రోజులకు ఢిల్లేశ్వరి గిన్నె మూత తీసి చూసింది. దీనికి అన్నం పెట్టడం మానేశానని తల్లి చెప్పింది, మరి ఇది ఇంకా ఇంత బరువెందుకుంది? తను నిద్రపోయాక అమ్మ జాలిపడి పెడుతోందా? అడగలేదు. గిన్నెలో అడుగు ఎంత ఉందో చూసి మూత పెట్టింది. వెనక కాటా కిర్రుమన్న చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగేసరికి దాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కూతురు గిన్నె మూత ఎందుకు తీసిందో ఆమెకు అర్థమైంది. అర్థమైనట్టు కనిపించకుండా చీపురు తీసుకుంది. కాటా మళ్లీ కిర్రుమంది.

గడువు రోజున సంఘం ముందు అనుమానాన్ని తూచారు. ఢిల్లేశ్వరి బరువులో పావు వంతు కంటే బాగా తక్కువే ఉంది. సభ్యులిద్దరూ ఆశ్చర్యపోయారు. ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నియమం ప్రకారం ఒక ప్రశ్న మిగిలింది.

"మీ అమ్మాయి రోజూ కాలేజీకి వస్తోందా అమ్మా?"

"వత్తన్నానంటాది," అంది దాలమ్మ.

ఈ జవాబు సంఘానికి చాలా నచ్చింది. తల్లిదండ్రుల్లో ఇలాంటి బాధ్యత పెరగాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఆ మాటను తీర్మానంలో కూడా చేర్చారు. చివరి సంవత్సరం ఫీజు మంజూరైంది. లెక్చరర్లు కూడా ఢిల్లేశ్వరి పలకగానే తలెత్తకుండా హాజరు వెయ్యసాగారు. ఆమె గోడ దగ్గర నుంచి బెంచీ మధ్యలోకి జరిగి కూర్చుంది. పక్కన అనుమానం రోజురోజుకూ తేలికవుతూ, చివరి పరీక్షలకు మళ్లీ చున్నీలో చుట్టుకునేంత అయింది. ఆ పరీక్షల్లో ఆమె వచ్చిన లెక్కలన్నీ చేసింది. ఎవరూ పక్కన నిలబడలేదు. మార్కులు ఎంతొచ్చినా ఇంక కాలేజీకి పట్టింపు లేదు, మోయాల్సినవాళ్లు మోస్తున్నారు.

ఫలితాలు వచ్చాక సర్టిఫికెట్లు తీసుకోవడానికి వెళ్లి, అనుమానాన్ని అప్పజెప్పింది. కూర్మారావు కాటా మీద పెట్టి చూశాడు. మొదటిరోజు రాసుకున్న బరువే ఉంది, ఒక్క గ్రాము కూడా తేడా లేదు. దుమ్ము దులిపి సొరుగులో పెట్టాడు. జూన్‌లో కొత్తవాళ్లకు కావాలి.

"మిగిలిందేదో ఇంటి దగ్గరుంటాది తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "అది వాపసు తీసుకునే ఏర్పాటు లేదు."

"తెలుసు బాబూ," అంది ఢిల్లేశ్వరి.

వచ్చే నెల నుంచి శ్రీకాకుళంలో ఒక బ్యాంకు ఏజెన్సీలో ఆమెకు ఉద్యోగం. అప్పు అడగడానికి వచ్చినవాళ్ల కాగితాలు నిజమో కాదో చూసే పని. ఇంటర్వ్యూలో ఆమెను పెద్దగా ఏమీ అడగలేదు. ఒకతను వచ్చి తన పేరు, ఊరు చెప్పాడు, ఆమె ఊరికే అతని వైపు చూసింది. చాలన్నారు.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి సూరమ్మ అరుగు మీద నిలబడి ఉంది. "ఏ పని మీద వచ్చినావు?" అని దాలమ్మ గుమ్మంలోంచి అడుగుతోంది. తిన్నావా అని తర్వాత అడిగింది. సూరమ్మ తిన్నానని చెప్పి వెళ్లిపోయింది. ఆమె తిని ఉండదు. ఆ సంగతి దాలమ్మకూ తెలుసు. లేకపోతే అలా అనుకునేలా సూరమ్మే మొహం పెట్టిందేమో అని కూడా అనిపించింది.

"అమ్మా, పాసైపోనాను. సర్టిఫికెట్లు ఇచ్చీసినారు. దాన్ని కూడా అప్పజెప్పీసినాను," అంది ఢిల్లేశ్వరి.

మేస్త్రీ ఆ ఖాళీ పీటను ఆ రోజే ఇంకెవరికో ఇచ్చేశాడు. మూడేళ్లుగా దాలమ్మ ఎదురుచూసిన రోజు అదే. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. కూతురి మొహంలోకి చూసింది.

"అలాగా?" అంది.

ఎంతో మర్యాదగా, స్పష్టంగా అంది. ఆ ఇంట్లో మనిషి నోట ఆ మాట అలా వినిపించడం అదే మొదటిసారి. ఢిల్లేశ్వరికి బాధ కలగలేదు. అడుగుతుందని తెలిసే, కూర్మారావు సొరుగు మూస్తున్నప్పుడు ఫోనులో ఫోటో తీసుకుని వచ్చింది. ఫోటో చూపించింది. సర్టిఫికెట్లు చూపించింది. దాలమ్మ సీలు మీద నల్లటి వేలు పెట్టి, గోటితో గీకి చూసి, చెరగకపోయేసరికి తల ఊపింది.

తర్వాత రెండు కంచాలు పెట్టింది. వడ్డించే ముందు ఢిల్లేశ్వరి గిన్నెలోకి తొంగి చూసింది, దాలమ్మ చూడనిచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఎవరి కంచంలో ఎంత ఉందో ఇద్దరికీ తెలుసు.